అమ్మని కూర్చోబెట్టకండి: వయసు పెరిగినా సొంత కాళ్ళ మీద నిలబడాలంటే

ఈ ఎపిసోడ్‌లో మనం వయసు పెరగడం గురించి మాట్లాడుకుందాం. "నాకింకా 25 ఏళ్ళే కదా, నాకెందుకు ఇది" అని స్కిప్ కొట్టేయకండి. ఇందులో సగం మీ అమ్మానాన్నల గురించి, మిగతా సగం అచ్చంగా మీ గురించే.

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. ఇళ్ళకి వెళ్ళి పెద్దవాళ్ళ చేత వ్యాయామాలు చేయిస్తుంటాను. చాలా ఇళ్ళల్లో పిల్లలు నాతో గర్వంగా చెప్పే మాట ఒకటుంది. "మా అమ్మని ఒక్క పనీ ముట్టుకోనివ్వం అండి. మహారాణిలా కూర్చోబెట్టి చూసుకుంటున్నాం" అంటారు. ఆ మాట వెనకున్న ప్రేమని నేను తప్పుపట్టను. ఆవిడ ముప్పై నలభై ఏళ్ళు కష్టపడింది, ఇప్పుడు సుఖపడాలని పిల్లలకి ఉంటుంది. కాకపోతే ఆ సోఫాలో కూర్చున్న ఒక్కో నెలా ఆవిడ కాళ్ళల్లోంచి బలాన్ని తీసేస్తోంది. ఈ రోజు నేను చెప్పాలనుకుంటున్నది ఇదే. వయసు మీద పడ్డాక మనిషి సొంతంగా బతకగలడా లేదా అన్నది చాలావరకు కాళ్ళల్లో ఉన్న కండ మీద ఆధారపడి ఉంటుంది. ఆ కండ వాడితే ఉంటుంది, వాడకపోతే పోతుంది.

వయసు కంటే వేగంగా పాడుచేసేది ఏది?

మీకో పాత ప్రయోగం గురించి చెప్తాను. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో 20 ఏళ్ళ వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళని మూడు వారాల పాటు మంచం మీదే ఉంచారు. నడక లేదు, నిలబడటం లేదు. ఆ తర్వాత వాళ్ళ గుండె ఎంత పనిచేయగలదు, ఒళ్ళు ఎంత ఆక్సిజన్ వాడుకోగలదు అని కొలిచారు. అక్కడితో ఆగలేదు. 30 ఏళ్ళ తర్వాత, వాళ్ళకి 50 ఏళ్ళు వచ్చాక, అదే ఐదుగురిని మళ్ళీ పిలిచి కొలిచారు.

ఏం తేలిందో తెలుసా? 30 ఏళ్ళ వయసు పెరగడం వల్ల తగ్గిన సామర్థ్యం కన్నా, 20 ఏళ్ళప్పుడు ఆ మూడు వారాల మంచం వల్ల తగ్గిందే ఎక్కువ. తర్వాత వాళ్ళ చేత ఆరు నెలల పాటు నడక, జాగింగ్, సైకిల్ లాంటివి క్రమంగా చేయించారు. ఆ 30 ఏళ్ళలో తగ్గిన ఆక్సిజన్ వాడకం సామర్థ్యం తిరిగి వచ్చేసింది.

వాళ్ళు కుర్రాళ్ళు కాబట్టి కోలుకోవడానికి టైం ఉంది. మరి పెద్దవాళ్ళ సంగతి? 2007లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని 10 రోజులు మంచం మీద ఉంచితే, ఒక్క కాళ్ళల్లోనే దాదాపు కిలో కండ కరిగిపోయింది. పది రోజులంటే మనింట్లో ఒక జ్వరం, నాలుగు రోజుల నీరసం, "ఇంకో రెండు రోజులు రెస్ట్ తీసుకో అమ్మా" అనే మాట. అంతే కదా.

కండ ఎలా తగ్గుతుంది?

మన కండ దాదాపు 30 ఏళ్ళ వయసు దాకా పెరుగుతుంది. అక్కడి నుంచి, మనం ఏమీ చేయకపోతే, పదేళ్ళకి 3 నుంచి 8 శాతం చొప్పున తగ్గుతూ పోతుంది. 60 దాటాక ఇంకా వేగంగా తగ్గుతుంది. దీనికి సార్కోపీనియా అని పేరు. ఎముకల కథ కూడా ఇంచుమించు ఇలాంటిదే. ముప్పై దగ్గర పడేసరికి ఎముక గట్టిదనం పీక్‌కి చేరుతుంది. ఆ తర్వాత మనం ఆ దాచుకున్నదాన్ని ఖర్చుపెట్టుకుంటూ బతుకుతాం. ఆడవాళ్ళకి నెలసరి ఆగిపోయాక ఆ ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. కండలో రెండు రకాల పోగులు ఉంటాయి. ఒకటి నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసేది. నడకకి, నిలబడటానికి ఇది చాలు. రెండోది వేగంగా, గట్టిగా లాగేది. బాత్రూంలో కాలు జారినప్పుడు, పడిపోకుండా ఇంకో కాలు టక్కున ముందుకు వేసి ఆపేది ఈ రెండో రకమే. వయసుతో ముందుగా, ఎక్కువగా తగ్గేది కూడా ఇదే. అందుకే "మా నాన్న రోజూ పార్క్‌లో గంట వాకింగ్ చేస్తారండి, అయినా ఎలా పడ్డారు?" అని అడుగుతుంటారు. వాకింగ్ గుండెకి మంచిది, షుగర్‌కి మంచిది, మనసుకి మంచిది. మానొద్దు. కాకపోతే ఈ వేగం పోగులు నిలబడాలంటే నడక ఒక్కటే సరిపోదు. కండకి కాస్త బరువు తగలాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు చూడండి. పెద్దవాళ్ళందరికీ వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి శ్రమ కావాలి. దానికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండకి బలం ఇచ్చే వ్యాయామం. 65 దాటినవాళ్ళకి ఇంకోటి కలిపారు, వారంలో మూడు రోజులు బ్యాలెన్స్ నిలబెట్టే వ్యాయామం. మనవాళ్ళు మొదటి దాని గురించే వింటారు. మిగతా రెండూ చాలామందికి ఎవరూ చెప్పనే లేదు.

"సన్నగానే ఉన్నా కదా" అనేవాళ్ళ కోసం

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఒకరు పుణెకి చెందిన యాజ్ఞిక్, ఇంకొకరు బ్రిటన్‌కి చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉన్నారు. కానీ ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. అంటే బయటికి సన్నం, లోపల కొవ్వు. భారతీయుల్లో చాలామంది ఒంటి తీరు ఇలాగే ఉంటుందని చెప్పడానికే ఆ ఫొటో వేశారు.

దీనికీ వయసుకీ సంబంధం ఏంటంటే, అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద భాగాన్ని తీసుకుని దాచుకునేది కండే. కండ తక్కువగా ఉంటే ఆ చక్కెరకి చోటు చాలదు. పైగా మనది మూడు పూటలా బియ్యం తిండి. ఇడ్లీలోనూ దోశలోనూ కూడా బియ్యమే. రోజంతా లాప్‌టాప్ ముందు, రాత్రంతా ఫోన్ ముందు కూర్చుంటే 40 రాకముందే షుగర్ పలకరిస్తుంది. కాబట్టి ఇరవైల్లో మీరు కట్టుకునే కండ జిమ్ సెల్ఫీ కోసం కాదు. అది మీ డెబ్బయ్యో ఏటి కోసం వేసే ఫిక్స్‌డ్ డిపాజిట్ అన్నమాట.

మోకాళ్ళు అరిగిపోయాయి కదా, కదిలితే ఇంకా అరగవా?

ఇది నాకు రోజూ ఎదురయ్యే ప్రశ్న. "గుజ్జు అరిగిపోయిందన్నారు, అందుకే నడవొద్దని చెప్పాం" అంటారు. చూడండి, మోకాలు బండి టైరు కాదు, తిరిగినకొద్దీ అరగడానికి. ఎముకల మధ్య ఉండే ఆ మెత్తటి పొరకి సొంతంగా రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడు చుట్టూ ఉన్న ద్రవం లోపలికి, బయటికి వెళ్తుంది. దాని నుంచే ఆ పొరకి పోషణ. కదలకపోతే అదీ అందదు. ఇంకోపక్క తొడ కండ బలంగా ఉంటే శరీరం బరువులో కొంత అది మోస్తుంది, మోకాలి మీద భారం తగ్గుతుంది. అందుకే మోకాళ్ళ అరుగుదలకి ప్రపంచమంతా మొదటగా సూచించే చికిత్సల్లో వ్యాయామం ఒకటి. మొదట్లో కాస్త నొప్పి ఉండొచ్చు. ఓర్చుకోగలిగేంత నొప్పి, మర్నాటికి తగ్గిపోయేది అయితే భయం లేదు. మోకాలు వాచినా, వేడిగా ఎర్రబడినా, నొప్పి రోజురోజుకీ పెరిగినా ఆపి డాక్టర్‌కి చూపించండి.

ఫోన్‌తో చేసే ఒక చిన్న పరీక్ష

ఇప్పుడు ఒక పని చెప్తాను. అమెరికాలో ఉన్న పిల్లలైతే వీడియో కాల్‌లో కూడా చేయించొచ్చు, కాకపోతే అక్కడ పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

చేతులు లేని మామూలు కుర్చీ ఒకటి తీసుకోండి, కూర్చునే ఎత్తు 17 అంగుళాల దాకా ఉంటే చాలు. జారకుండా గోడకి ఆనించండి. అమ్మని మధ్యలో కూర్చోమనండి. చేతులు రెండూ గుండెల మీద కట్టుకోవాలి, పాదాలు నేలకి ఆనాలి. ఫోన్‌లో 30 సెకన్ల టైమర్ పెట్టండి. పూర్తిగా లేచి నిలబడాలి, మళ్ళీ కూర్చోవాలి. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచారో లెక్కపెట్టండి. చేతులు ఆనించి లేస్తే లెక్క సున్నా.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ దీనికి కొలతలు ఇచ్చింది. 60 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళు 12 సార్ల కన్నా తక్కువ, మగవాళ్ళు 14 కన్నా తక్కువ లేస్తే, పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. 65 నుంచి 69 మధ్య అయితే 11, 12. 70 నుంచి 74 మధ్య 10, 12. తక్కువ వచ్చిందని కంగారు పడకండి, అమ్మని కంగారు పెట్టకండి. ఆ అంకె ఫోన్‌లో నోట్ చేసుకోండి. రెండు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం.

ఇంకో ప్రశ్న కూడా అడగండి. "ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డావా అమ్మా?" మామూలుగా అడిగితే "ఏం లేదురా, బాగానే ఉన్నా" అంటారు. పిల్లలు భయపడతారని, లేదా ఇక బయటికి పోనివ్వరని దాచేస్తారు. కాబట్టి తిట్టకుండా, మెల్లగా అడగండి. ఒకసారి పడ్డవాళ్ళు మళ్ళీ పడే అవకాశం ఎక్కువ. పడతామన్న భయంతో కదలడం తగ్గిస్తారు, కదలక కాళ్ళు ఇంకా బలహీనపడతాయి, దాంతో మళ్ళీ పడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా దాదాపు 6,84,000 మంది చనిపోతున్నారు. రోడ్డు ప్రమాదాల తర్వాత, ప్రమాదవశాత్తు జరిగే మరణాల్లో ఇదే రెండో పెద్ద కారణం. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్‌తో అయిపోదు. చాలామంది మళ్ళీ మునుపటిలా నడవలేరు.

వారానికి రెండు రోజులు, ఇంట్లోనే

జిమ్ అక్కర్లేదు. నేను చేయించేవి ఇవి.

మొదటిది, కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. ఇందాక పరీక్ష పెట్టామే, అదే వ్యాయామం కూడా. మొదట్లో చేతుల సాయం తీసుకున్నా ఫర్వాలేదు. దిగేటప్పుడు ధబీమని కూలబడకుండా, మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోవాలి.

రెండోది, వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తడం. పాలు పొంగేలోపు పది, పదిహేను అయిపోతాయి.

మూడోది, గోడకి రెండు చేతులు ఆనించి, ముందుకు వంగి, వెనక్కి తోయడం. నేల మీద చేసే పుషప్‌కి ఇది చెల్లెలు లాంటిది.

నాలుగోది, బ్యాలెన్స్. గట్టు పక్కన నిలబడి, ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్ళకి తగిలేలా పెట్టి పది సెకన్లు ఆగాలి. అది తేలికైపోతే ఒంటికాలి మీద. మొదట్లో వేలితో గట్టుని తాకి ఉంచాలి. పక్కన మీరుండండి.

ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, కాస్త ఆగి మళ్ళీ ఒక విడత. చివరి రెండు సార్లు కొంచెం కష్టంగా అనిపించాలి. సుఖంగా అయిపోతోంది అంటే కండకి పని తగల్లేదని అర్థం, అప్పుడు కొంచెం పెంచండి. ఊపిరి బిగపట్టకూడదు. పైకి లెక్కపెడుతూ చేస్తే ఊపిరి దానంతటదే ఆడుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు, ఈ మధ్య ఆపరేషన్ అయినవాళ్ళు ముందు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి. చేస్తుండగా ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆపేయాలి.

"ఈ వయసులో ఇప్పుడు మొదలుపెడితే ఏం లాభం?" అంటారు కొందరు. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధుల ఆశ్రమంలో సగటున 90 ఏళ్ళ వయసున్న పదిమంది చేత బరువులతో కాళ్ళ వ్యాయామం మొదలుపెట్టించారు. ఎనిమిది వారాల తర్వాత కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. వాళ్ళలో ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. తొంభై ఏళ్ళ కండకే పని చెప్తే మాట విన్నప్పుడు, అరవై ఏళ్ళ కండ వినదా?

కంచంలో ఏముంది?

వ్యాయామం చేయిస్తే సరిపోదు, కండ కట్టడానికి ప్రొటీన్ కావాలి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన లెక్క, కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. వయసు పైబడ్డవాళ్ళకి కిలోకి 1 నుంచి 1.2 గ్రాముల దాకా కావాలని చాలామంది నిపుణులు అంటారు.

మరి మనింట్లో అమ్మ ఏం తింటుంది? అందరూ తిన్నాక చివర్న మిగిలిన అన్నం, చారు, పచ్చడి. రాత్రికి "ఆకలిగా లేదు, రెండు ఇడ్లీలు చాలు". పప్పుగిన్నెలో పప్పు అప్పటికే అయిపోయి ఉంటుంది. కాబట్టి అమ్మ కంచం ఒకసారి చూడండి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. గ్లాసు పాలలో 6, గుప్పెడు పల్లీల్లో 7. 30 గ్రాముల కందిపప్పు వండితే 6 దాటుతుంది. 30 గ్రాముల మీల్‌మేకర్‌లో 15 దాకా ఉంటుంది. చేప, చికెన్ తినేవాళ్ళకి 100 గ్రాములకి 20 దాకా వస్తుంది. పొద్దున ఇడ్లీతో పాటు ఒక గుడ్డు, మధ్యాహ్నం గట్టిపప్పు, సాయంత్రం ఉడకబెట్టిన శనగలు, రాత్రి పెరుగు. ఇలా మూడు పూటలకీ సర్దితే చాలు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు. అన్నట్టు, కుర్రాళ్ళకి ఒక మాట. ఒళ్ళు పెంచడానికి ప్రొటీన్ పౌడర్ డబ్బాల మీద ఆధారపడొద్దని ఇదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది.

ఈ ఆదివారం ఒక గంట

బలం రావడానికి వారాలు పడుతుంది. ఈలోపు ఇంట్లో పడిపోయే చోట్లు సరిచేయొచ్చు. బాత్రూంలో గోడకి బోల్టులతో బిగించిన స్టీల్ రాడ్ పెట్టించండి. టవల్ రాడ్ మనిషి బరువు ఆపలేదు. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రి చిన్న బల్బు వెలగాలి. అరిగిపోయిన హవాయి చెప్పులు పారేయండి. జారే డోర్‌మ్యాట్‌లు, నేల మీద వేలాడే ఛార్జర్ వైర్లు తీసేయండి. రాత్రి లేవగానే కళ్ళు తిరుగుతున్నాయంటే, బీపీ మాత్రలు, నిద్రమాత్రలు అన్నీ ఒక సంచిలో వేసుకెళ్ళి డాక్టర్‌కి చూపించండి. మీరే ఆపేయొద్దు. కంట్లో శుక్లాలు ఉంటే "వచ్చే ఏడాది చూద్దాం" అనకండి. మెట్టు కనపడకపోతే ఎంత బలమైన కాలైనా తప్పటడుగే వేస్తుంది.

పాత రోజుల్లో ఇవన్నీ ఎవరూ వ్యాయామం అనుకుని చేయలేదు. నేల మీద కూర్చుని తినేవాళ్ళు, రోలు రుబ్బేవాళ్ళు, ముగ్గు వేసేవాళ్ళు, నూతిలోంచి నీళ్ళు తోడేవాళ్ళు. రోజుకి ఎన్నోసార్లు కింద కూర్చుని లేచేవాళ్ళు. ఆ చాకిరీ మళ్ళీ రావాలని నేను అనను. మిక్సీ రావడం మంచిదే, వెస్టర్న్ టాయిలెట్ మోకాళ్ళు లేనివాళ్ళకి వరమే. కాకపోతే ఆ పనులతో పాటు ఆ కదలికలు కూడా పోయాయి. వాటిని మనం గుర్తుపెట్టుకుని వెనక్కి తెచ్చుకోవాలి.

అందుకే, అమ్మ మంచినీళ్ళ కోసం లేస్తుంటే "నువ్వు కూర్చో, నేను తెస్తా" అనకండి. లేవనివ్వండి. కూరగాయల సంచీల్లో తేలికది ఆవిడని మోయనివ్వండి. మీరు బరువైనది తీసుకోండి. ఈ వీడియోని ఫ్యామిలీ గ్రూప్‌లో పడేసి ఊరుకోవద్దు. రేపు సాయంత్రం రెండు కుర్చీలు వేసి, పక్కపక్కన కూర్చుని, ఇద్దరూ కలిసి చేయండి. మీ లెక్క ఎంత వచ్చిందో కూడా రాసుకోండి. పాతికేళ్ళ వాళ్ళు కొందరికి అమ్మ కంటే తక్కువ రావడం నేను కళ్ళారా చూశాను. ఉంటానండి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.